‘ఇల్యూజన్’ అనే ఒక్క మాట: మాయ, మిథ్య, భ్రమల ఆంగ్లానువాదంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం: అద్వైత గ్రంథాలలోని మాయ, మిథ్య, భ్రమ, అవభాసం అనే భిన్న పరిభాషలకు ఆంగ్లంలో ‘ఇల్యూజన్’ అనే ఒకే పదం బహుళ ప్రచారం పొందింది. ఆ పదమే మళ్లీ తెలుగులోకి ‘భ్రమ’గా తిరిగివచ్చి, శాంకర వేదాంతాన్ని గురించీ, దాని ప్రభావం గల కవిత్వాన్ని గురించీ మన విమర్శలో ఒక అపార్థాన్ని స్థిరపరచింది. ‘రియల్’, ‘ఇల్యూజన్’, ‘డెల్యూజన్’ అనే ఆంగ్ల పదాల ప్రయోగాన్ని జె.ఎల్. ఆస్టిన్ పరిశీలించిన పద్ధతిని ఆధారం చేసుకొని, జార్జ్ థీబో అనువాదాన్నీ, తెలుగు నుడికారాన్నీ, బ్రహ్మసూత్ర శాంకరభాష్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మాయ, మిథ్య, భ్రమ, ఇల్యూజన్, రియల్, ఆస్టిన్, థీబో, బాధ, అనువాదం.

1. ప్రవేశిక

స్నాతకోత్తర స్థాయి జవాబుపత్రాలు దిద్దిన అధ్యాపకులకు చిరపరిచితమైన వాక్యం ఒకటుంది: శంకరాచార్యుల ప్రకారం ఈ జగత్తు అంతా భ్రమ. దాని వెంటనే సాధారణంగా మరో వాక్యం వస్తుంది: కాబట్టి వేదాంత ప్రభావం గల కవిత్వం మనిషిని జీవితం నుంచి పారిపొమ్మంటుంది. మొదటి వాక్యం తప్పు. రెండవది ఆ తప్పు మీద కట్టిన గోడ. అయితే దోషం విద్యార్థిది కాదు. తాను చదివిన పుస్తకంలో అలాగే ఉంది. ఆ పుస్తకం రాసిన వారు చదివిన ఆంగ్ల గ్రంథంలో ‘ఇల్యూజన్’ అని ఉంది. సంస్కృతం నుంచి ఆంగ్లానికి వెళ్లి, అక్కడి నుంచి తెలుగుకు తిరిగివచ్చిన పదం దారిలో తన అర్థాన్ని మార్చుకొని వచ్చింది.

జగత్తు భ్రమ అయితే ఆకలి కూడా భ్రమే కదా, అన్యాయం కూడా భ్రమే కదా అని మన అభ్యుదయ విమర్శకులు వేసిన ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ ప్రశ్నను ఎవరికి వేయాలో ముందు తేల్చుకోవాలి. శంకరులు చెప్పిన దానికా, ఆయన చెప్పినట్లుగా ఒక ఆంగ్ల పదం మనకు చెప్పిన దానికా? అద్వైతాన్ని సమర్థించడం ఈ వ్యాసకర్త పని కాదు. విమర్శించదలచిన వారు కూడా అద్వైతాన్నే విమర్శించాలి తప్ప దాని అనువాదాన్ని కాదు.

2. పదాల పుట్టుక

‘ఇల్యూజన్’, ‘డెల్యూజన్’ అనే రెండు పదాలకూ మూలం ఒకే లాటిన్ ధాతువు. దానికి ఆడడమని అర్థం. ఎదుటివానితో ఆటలాడడం, వానిని ఆట పట్టించడం అనే భావం నుంచి మోసగించడమనే అర్థం ఏర్పడింది. సంస్కృతంలోని ‘భ్రమ’ వేరే దారిలో వచ్చింది. ‘భ్రమ్’ అంటే తిరగడం, దారి తప్పి సంచరించడం. ఒకదానిలో ఆడించేవాడు ఉన్నాడు. మరొకదానిలో దారితప్పినవాడు ఉన్నాడు. దోషం మొదటిదానిలో ఎదుట ఉంది, రెండవదానిలో మనలోనే ఉంది. భ్రమకు పుట్టుకలో దగ్గరి చుట్టం ‘ఇల్యూజన్’ కాదు, మనసు దారితప్పి తిరగడమనే అర్థం గల లాటిన్ పదం నుంచి వచ్చిన ‘హాలూసినేషన్’.

ఇక ‘మాయ’ ఈ రెంటికీ దూరం. వేదకాలంలో అది ఒక శక్తి, నేర్పు, అద్భుతమైన నిర్మాణ సామర్థ్యం. ఋగ్వేదంలో ఇంద్రుడు మాయల చేతనే అనేక రూపాలు ధరిస్తాడు. అక్కడ ఆ రూపాలు లేవని ఎవరూ అనలేదు. తరువాత ఆ పదానికి ఇంద్రజాలమనే అర్థం బలపడింది. తెలుగులో దీనికి చక్కని మాట ఉంది: కనికట్టు. కన్నును కట్టివేయడం. కనికట్టులో కట్టేవాడు ఒకడు, కట్టుబడే కళ్లు అనేకం. సభలో ఉన్న వారందరికీ అదే కనబడుతుంది. భ్రమ అలా కాదు. పక్కవానికి తాడుగా కనబడుతున్నదే నాకు పాముగా కనబడవచ్చు.

‘రియల్’ విషయంలో పోలిక మరింత ఆసక్తికరం. లాటిన్‌లో ‘రేస్’ అంటే వస్తువు. దాని నుంచి ‘రియల్’. మనకు వస్తువు నుంచి ‘వాస్తవం’. రెండు భాషలూ ఒకే మెట్టు ఎక్కాయి. అందువల్ల సాహిత్యంలో ‘రియలిజం’ను ‘వాస్తవికత’ అన్నవారు పుట్టుకను బట్టి చూస్తే సరిగ్గానే అన్నారు. కాని అద్వైతంలో ఈ రంగానికి కేంద్రపదం వాస్తవం కాదు, సత్యం. సత్యానికి మూలం వస్తువు కాదు, ‘ఉండడం’. ఉన్నదానిని వస్తువుతో కొలవడం ఒక దృష్టి, వస్తువును ఉనికితో కొలవడం మరొక దృష్టి. ‘రియల్’ అనే పదంతో ‘సత్’ను అనువదించినప్పుడు మొదటి దృష్టి రెండవదాని మీద పరచుకుంటుంది.

తెలుగువాడు నిత్యం వాడే ‘నిజం’ ఈ రెంటికీ చెందదు. సంస్కృతంలో ‘నిజ’ అంటే తనది, స్వీయమైనది అని మాత్రమే అర్థం. సత్యమనే అర్థం దానికి తెలుగు, కన్నడం వంటి భాషలలో కలిగింది. నిజస్వరూపం అనే సమాసంలో పాత అర్థం, కొత్త అర్థం రెండూ ఇంకా కలిసే ఉన్నాయి. తనది కానిదానిని తొలగిస్తే మిగిలేది నిజం. అధ్యాసను గురించి మాట్లాడడానికి ఇంతకంటె అనువైన పదాన్ని ఎవరూ కోరుకోరు. అయినా మన తత్త్వశాస్త్ర వ్యాసాలలో దానిని వాడడానికి మనం సంకోచిస్తాం.

3. ఆస్టిన్ చూపిన భేదాలు

ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త ఆస్టిన్ 1960లో మరణించాడు. ఆయన ఉపన్యాసాల టిప్పణుల ఆధారంగా జి.జె. వార్నాక్ కూర్చిన ‘సెన్స్ అండ్ సెన్సిబిలియా’ 1962లో వెలువడింది. దాని ప్రధాన లక్ష్యం ఎ.జె. ఎయర్ 1940లో ప్రకటించిన గ్రంథం. నీటిలో ముంచిన కర్ర వంగినట్లు కనిపిస్తుంది, ఎండమావిలో నీరు కనిపిస్తుంది; కాబట్టి మనం ప్రత్యక్షంగా చూసేది వస్తువులను కాదు, ఇంద్రియదత్తాలను మాత్రమే అని సాగే వాదాన్ని ఆస్టిన్ ఖండించాడు. ఖండనకు ఆయన ఎన్నుకున్న సాధనం పాండిత్యం కాదు, వాడుక. ఆంగ్లం మాట్లాడేవారు ఈ పదాలను ఎప్పుడు వాడతారు, ఎప్పుడు వాడరు అన్నదే ఆయన ప్రశ్న.

ఇల్యూజన్, డెల్యూజన్ ఒకటి కాదని ఆయన గట్టిగా చెప్పాడు. సమానమైన రెండు గీతలలో ఒకటి పొడవుగా కనిపించడం ఇల్యూజన్. అది అందరికీ కనిపిస్తుంది, కొలిచి చూసిన తరువాత కూడా కనిపిస్తుంది, చూసేవానికి ఏ లోపమూ లేదు. తనను ఎవరో వెంటాడుతున్నారని ఒకడు నమ్మడం డెల్యూజన్. అక్కడ ఆ మనిషిలోనే ఏదో చెడింది. ఈ రెంటినీ కలిపివేసినందువల్లనే, ఏదో లేనిది కల్పించబడిందనే భావాన్ని డెల్యూజన్ నుంచి తెచ్చి, అది ఎల్లరికీ అనుభవమేననే భావాన్ని ఇల్యూజన్ నుంచి తెచ్చి, ఇంద్రియదత్తమనే కొత్త పదార్థాన్ని సృష్టించగలిగారని ఆస్టిన్ ఆక్షేపణ.

ఈ కొలబద్దను అద్వైత దృష్టాంతాలకు పెట్టి చూద్దాం. అధ్యాసభాష్యంలో శంకరులు ఇచ్చిన ఉదాహరణలు రెండు: ముత్యపు చిప్ప వెండిలా భాసించడం, ఒక చంద్రుడు ఇద్దరుగా భాసించడం. ఇతరత్ర రజ్జుసర్పం వస్తుంది. రజ్జుసర్పం ఆస్టిన్ అర్థంలో ఇల్యూజన్ కాదు. దీపం తేగానే పాము పోతుంది. డెల్యూజన్ కూడా కాదు. సంధ్యవేళ తాడును చూసి భయపడినవాడు పిచ్చివాడు కాదు. అది పొరపాటు. ద్విచంద్రదర్శనం కంటిదోషం వల్ల కలిగేది. చంద్రుడొక్కడే అని తెలిసినా ఇద్దరుగానే కనిపిస్తాడు. ఇన్ని రకాల అనుభవాలకు ‘ఇల్యూజన్’ అనే ఒక్క చాప పరచడం, ఎయర్ చేసిన పనికి భిన్నమైనది కాదు.

తరువాతి అద్వైతులకు ఈ భేదం తెలుసు. జ్ఞానం కలిగిన వెంటనే తొలగేది నిరుపాధిక భ్రమ. తెలిసిన తరువాత కూడా ఉపాధి ఉన్నంతకాలం కనిపిస్తూనే ఉండేది సోపాధిక భ్రమ. మందారపువ్వు పక్కన ఎర్రగా కనిపించే స్ఫటికం రెండవదానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆస్టిన్ 20వ శతాబ్దంలో ఆంగ్లానికి చేసిన విభాగానికి సంస్కృతంలో పారిభాషిక పదాలు ముందే ఉన్నాయి. అనువాదంలో అవి కలిసిపోయాయి.

4. ‘రియల్’ పదం, తెలుగు నుడికారం

‘రియల్’ అనే పదానికి స్వంత అర్థమంటూ ఒకటి లేదని ఆస్టిన్ అభిప్రాయం. పక్కన నామవాచకం ఉంటేనే అది పలుకుతుంది. నిజమైన బాతు అంటే వేటగాళ్లు నీటిలో వదిలే కొయ్యబాతు కాదనీ, ఆటబొమ్మ కాదనీ, చిత్రపటం కాదనీ సందర్భాన్ని బట్టి అర్థం. ఏది కాదో తెలిస్తేనే ‘రియల్’ ఏమిటో తెలుస్తుంది. అంటే ఇక్కడ పెత్తనం నిషేధానిదే.

ఈ సిద్ధాంతానికి ఆంగ్లం కంటె తెలుగు మెరుగైన సాక్ష్యమిస్తుంది. ‘రియల్’ అనే ఒక్క పదం కింద ఆంగ్లం దాచిపెట్టినదానిని తెలుగు విడివిడిగా పేర్కొంటుంది. నోటు దొంగనోటు అవుతుంది, పాలు కల్తీపాలు అవుతాయి, నగ గిల్టునగ అవుతుంది, పళ్లు పెట్టుడు పళ్లు అవుతాయి, తుపాకీ బొమ్మ తుపాకీ అవుతుంది. వీటిని తారుమారు చేయలేం. దొంగపాలు అంటే పిల్లి తాగినవనుకుంటారు. కల్తీపళ్లు అంటే అంగడిలోని పండ్లకు మందు కొట్టారనుకుంటారు. ‘దొంగ ఏడుపు’ అన్నప్పుడు కన్నీళ్లు లేవని కాదు, దుఃఖం లేదని. అనుకూల పక్షంలోనూ ఇదే వైవిధ్యం. నకిలీకి ఎదురు ‘అసలు’; అరబ్బీ నుంచి వచ్చిన ఈ మాట అప్పుపత్రంలో వడ్డీకి కూడా ఎదురే. బంధుత్వంలో మాత్రం ‘అసలు తమ్ముడు’ అనం, ‘సొంత తమ్ముడు’ అంటాం. సొంతం అంటే తనది. ‘నిజ’ శబ్దం మొదటి అర్థమూ అదే.

ఇంద్రియానుభవాన్ని చెప్పే క్రియల విషయంలో కూడా ఆస్టిన్ మూడు ఆంగ్లపదాలను వేరుచేశాడు: లుక్స్, అపియర్స్, సీమ్స్. ఒకడు దోషిలా ‘లుక్’ అవుతున్నాడంటే వాని ముఖకవళికల మాట. దోషిగా ‘సీమ్’ అవుతున్నాడంటే సాక్ష్యాధారాల మాట. తెలుగులో ఇది మరింత స్పష్టం. ‘దోషిలా కనిపిస్తున్నాడు’ అన్నప్పుడు కర్త వాడు. ‘దోషి అని నాకు అనిపిస్తోంది’ అన్నప్పుడు నేను చతుర్థిలోకి వచ్చి కూర్చుంటాను. ‘అనిపించు’ అనేది ‘అను’ ధాతువుకు ప్రేరణార్థకం. ఏదో నా చేత అనిపిస్తున్నది. ఎవరికి అనిపిస్తున్నదో చెప్పవలసిన బాధ్యతను ఈ క్రియ వక్తకు గుర్తుచేస్తూ ఉంటుంది. ఆంగ్లంలో ‘ఇట్ సీమ్స్’ అని ఎవరికీ అంటగట్టకుండా ఎన్ని పుటలైనా రాయవచ్చు. తత్త్వశాస్త్రంలో ‘అపియరెన్స్’ అనే నామవాచకం స్వతంత్ర పదార్థమై తిరగడానికి ఈ సౌలభ్యం కొంత కారణమని నా అనుమానం.

ఇంకొక క్రియ ఉంది. ‘పామనుకున్నాను’ అని ఎవరైనా అంటే, అది పాము కాదని వేరే చెప్పనక్కరలేదు. ‘కనిపించింది’ అనేది కన్ను చేసిన పని, ‘అనుకున్నాను’ అనేది నేను చేసిన పని. ద్విచంద్రుడు మొదటిదానికి, రజ్జుసర్పం రెండవదానికి చెందుతాయి. తెలుగులో అద్వైతాన్ని బోధించేవారు ‘భ్రమ’ అనే సర్వనివారిణిని కొంతకాలం పక్కన పెట్టి, ఈ రెండు క్రియలతో పాఠం చెప్పి చూడవచ్చు.

5. థీబో అనువాదంలోని రెండు నిర్ణయాలు

బ్రహ్మసూత్ర శాంకరభాష్యానికి థీబో చేసిన ఆంగ్లానువాదం ‘సేక్రెడ్ బుక్స్ ఆఫ్ ది ఈస్ట్’ మాలలో 1890, 1896 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వచ్చింది. రామానుజుల శ్రీభాష్యానికి ఆయన అనువాదం అదే మాలలో 1904లో వచ్చింది. ఒకే సూత్రగ్రంథాన్ని ఇద్దరు భాష్యకారుల కళ్లతో అనువదించిన ఈ అరుదైన సందర్భం మన చర్చకు ఎంతో ఉపయోగం.

మూడవ అధ్యాయం రెండవ పాదంలోని మూడవ సూత్రంలో ‘మాయామాత్రం’ అనే పదముంది. ప్రస్తావన స్వప్నసృష్టిని గురించినది. శాంకర సంపుటంలో థీబో ఈ మాయను ‘ఇల్యూజన్’ అన్నాడు. రామానుజ సంపుటంలో దానిని అనువదించకుండా ‘మాయ’గానే ఉంచాడు. కారణం ఊహించదగినదే: రామానుజులు మాయాశబ్దానికి ఆశ్చర్యకరమైనదని అర్థం చెప్పారు. కలలో కనిపించే రథాలు, దారులు జీవుని కర్మానుసారం ఈశ్వరుడు ఆ ఒక్కని అనుభవం కోసం చేసిన విచిత్రసృష్టి అని ఆయన పక్షం. అక్కడ ‘ఇల్యూజన్’ అంటే భాష్యమే తలకిందులవుతుంది. అనువాదకునిగా థీబో నిజాయితీ ఇందులో కనిపిస్తుంది. కాని శాంకర సంపుటాలను మాత్రమే చదివిన పాఠకునికి, ఆ సూత్రంలోని మాయకు వేరే అర్థం సాధ్యమన్న సంగతే తెలియదు.

అంతకంటె ముఖ్యమైన విషయం ఆ తరువాతి సూత్రభాష్యంలో ఉంది. ఆకాశాదుల సృష్టికి కూడా ఆత్యంతిక సత్యత్వం లేదని శంకరులు అక్కడ ఒప్పుకుంటూనే, బ్రహ్మాత్మజ్ఞానానికి ముందు ఆకాశాది ప్రపంచం వ్యవస్థితరూపంతోనే ఉంటుందనీ, కల మాత్రం ప్రతిదినం బాధితమవుతుందనీ, కనుక కలకు చెప్పిన మాయామాత్రత్వం విశేషమైనదనీ స్పష్టపరుస్తారు. అంటే మాయామాత్రమనే మాటను జగత్తుకూ కలకూ ఒకే బరువుతో వాడడానికి ఆయనే అంగీకరించలేదు.

తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టి, 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ చిక్కును గుర్తించారు. 1927లో వచ్చిన ‘ఇండియన్ ఫిలాసఫీ’ రెండవ సంపుటంలో ఆయన జగత్తుకు ‘అన్‌రియల్’ అనే విశేషణాన్ని అంగీకరించి, ‘ఇల్యూజరీ’ అనే విశేషణాన్ని నిరాకరించారు. దిద్దుబాటు అవసరమైనదే. అయితే ‘అన్‌రియల్’ చేసిన మేలు స్వల్పం. వంధ్యాపుత్రుడు, కుందేటికొమ్ము వంటి అసత్తు కూడా ఆంగ్లంలో ‘అన్‌రియల్’ కిందికే వస్తుంది. జగత్తు సత్తూ కాదు, అసత్తూ కాదు, ఉభయవిలక్షణం అనే అనిర్వచనీయత్వానికి ఆ రెండు గదుల ఇంట్లో చోటు లేదు.

మిథ్యకు కొందరు ‘ఫాల్స్’ అన్నారు. వాక్యాన్ని అబద్ధమనవచ్చు, ఒక కుండను అబద్ధమనడం ఎలా అని తెలుగు చెవికి అభ్యంతరం తోస్తుంది. ఆంగ్లంలో మాత్రం వస్తువులూ ‘ఫాల్స్’ కావచ్చు. మన ఇళ్లలోకీ ‘ఫాల్స్ సీలింగ్’ వచ్చి చేరింది కదా. చమత్కారానికి అంటున్నా, ఈ ఉదాహరణ అంత తేలికైనది కాదు. ఆ కప్పు ఉంది, తల తగిలితే నొప్పి పుడుతుంది. అసలు కప్పును అది మూసివేసింది, తానే కప్పుగా కనిపిస్తున్నది. ఆవరణ, విక్షేపాలనే రెండు శక్తులకూ ఇంతకంటె మంచి లౌకిక దృష్టాంతం ‘ఇల్యూజన్’లో దొరకదు.

6. విజ్ఞానవాద ఖండనలో శంకరుల భాషాతర్కం

ఆస్టిన్‌ను శంకరులతో పోల్చడం అసంగతమని కొందరికి తోచవచ్చు. రెండవ అధ్యాయం రెండవ పాదంలో విజ్ఞానవాదులపై ఆయన చేసిన ఖండనను చదివినవారికి ఆ సందేహం ఉండదు. లోపలి జ్ఞానరూపమే బయట ఉన్నట్లుగా భాసిస్తున్నదని పూర్వపక్షం. ‘ఉన్నట్లుగా’ అని ఎందుకంటున్నావని శంకరుల ప్రశ్న. బయట అనేది ఎన్నడూ లేనప్పుడు దానితో పోలిక ఎలా కుదురుతుంది? విష్ణుమిత్రుడు వంధ్యాపుత్రునిలా ఉన్నాడని ఎవరూ అనరు కదా! ‘లా’ అనే ఒక ప్రత్యయం బరువు మీద ప్రతిపక్షాన్ని నిలబెట్టి అడిగిన ప్రశ్న ఇది. మోసపోవడమనే మాటకు అర్థముండాలంటే మోసపోని సందర్భాలూ ఉండాలని ఆస్టిన్ అన్నదానికి ఇది సన్నిహితం. ఆ తరువాతి సూత్రంలో, మేలుకున్నప్పటి జ్ఞానం కల వంటిది కాదని, కల మెలకువలో బాధితమవుతుందనీ మేలుకొని చూసిన స్తంభాదులు అలా కావనీ ఆయన తేల్చి చెబుతారు. జగత్తును భ్రమ అన్నట్లు ప్రచారమైన ఆచార్యుడు, బాహ్యవస్తువును నిరాకరించేవారితో చేసిన వాదమిది.

ఎయర్ వాదానికీ అద్వైతానికీ ఉన్న భేదం కూడా ఇక్కడే ఉంది. ఎయర్ వంగిన కర్ర నుంచి సిద్ధాంతాన్ని రాబట్టాడు. అద్వైతి తాడు, పాముల నుంచి జగన్మిథ్యాత్వాన్ని రాబట్టడు. అది శ్రుతి చెప్పినదానికి దృష్టాంతం మాత్రమే. దృష్టాంతాన్ని హేతువుగా చదివితే రెండూ ఒకటిగా కనిపిస్తాయి.

మరొక దృష్టాంతం మీద మన దృష్టి నిలవవలసింది: మాయావి. మొదటి అధ్యాయ భాష్యంలో కత్తీ డాలూ పట్టుకొని దారం మీదుగా ఆకాశానికి ఎక్కుతున్న మాయావి కనిపిస్తాడు, నేల మీద నిలిచిన అసలు మాయావి వేరు. రెండవ అధ్యాయంలో తాను పరచిన మాయ తనను అంటని మాయావి మళ్లీ వస్తాడు. ఇది భ్రమ దృష్టాంతం కాదు, కనికట్టు దృష్టాంతం. ‘ఇల్యూజన్’ తన పుట్టుకలోని ఆట అనే అర్థంతో ఇక్కడ చక్కగా సరిపోతుంది. దానిని ‘భ్రమ’ అని తెలుగు చేసినప్పుడు ఆడేవాడు మాయమై, దారితప్పిన చూపరి మాత్రం మిగులుతాడు.

7. బాధ, సబ్లేషన్

సత్యానికి అద్వైతం ఇచ్చే లక్షణం అబాధితత్వం. ఇదీ నిషేధం మీద నిలిచిన నిర్వచనమే. ఈ మేరకు అద్వైతి, ఆస్టిన్ ఒకే వైపు ఉన్నారు. ‘బాధ’కు ఆంగ్లంలో ‘సబ్లేషన్’ అనే పదం బాగా వాడుకలో ఉంది. హెగెల్ వాడిన ఒక జర్మన్ పరిభాషకు కూడా ఆంగ్లంలో ఇదే పదం. హెగెల్ దగ్గర రద్దు కావడంతో పాటు పై మెట్టులో భద్రపడడం కూడా ఉంది. తాడు తెలిసిన తరువాత పాము ఏ పై మెట్టులోనూ భద్రపడదు. అది అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు, ఎప్పుడూ లేదని తేలుతుంది. ఈ పదం వల్ల భ్రమ అనే అపార్థం తగ్గినా, క్రమపరిణామమనే మరో అపార్థానికి తలుపు తెరుచుకుంది. తెలుగులో మాట్లాడేటప్పుడు ‘బాధ’ను వాడడంలోని ఇబ్బంది తెలిసినదే, మన వాడుకలో అది నొప్పి. ‘కొట్టివేత’ అనే న్యాయస్థానపు మాట మూలానికి దగ్గరగా ఉంటుందని నాకు తోస్తుంది. కేసు కొట్టివేసిన తరువాత ఆ కాగితాలు ఉండవచ్చు, వాటికి చెల్లుబాటు ఉండదు.

అద్వైతి, ఆస్టిన్ విడిపోయే చోటు ఒకటుంది. పామును తాడు కొట్టివేస్తుంది, కలను మెలకువ కొట్టివేస్తుంది. వీటికి లోకంలో వాడుక ఉంది. మొత్తం వ్యవహారాన్నే కొట్టివేసే మూడవ మెట్టుకు మాత్రం వాడుకలో సాక్ష్యం లేదు. ఏ నామవాచకం పక్కన నిలబడి ఈ ‘సత్యం’ మాట్లాడుతున్నదని ఆస్టిన్ తప్పక అడుగుతాడు. వాడుకకు ఆవల ప్రమాణముందని అద్వైతి బదులిస్తాడు. ఆ బదులును అంగీకరించాలా వద్దా అన్నదే అద్వైతంతో జరగవలసిన అసలు వాదం. ఆకలి భ్రమేనా అన్న ప్రశ్నకు అద్వైతి దగ్గర ఉన్న సమాధానం ‘కాదు, అది వ్యావహారిక సత్యం’ అన్నది. ఆ వ్యావహారిక సత్యాన్ని మార్చవలసిన బాధ్యతను అద్వైతం ఎవరి మీద ఉంచింది, అసలు ఉంచిందా అని విమర్శకుడు అప్పుడు నిలదీయవచ్చు. ఆ ప్రశ్న ‘భ్రమ’ అనే మాట అడ్డు ఉన్నంతకాలం అడగబడనే లేదు.

జ్ఞానం కలిగిన తరువాత జీవన్ముక్తునికి జగత్తు కనిపిస్తుందా అన్న ప్రశ్నకు అద్వైతులు బాధితానువృత్తి అనే సమాధానం చెప్పారు: కొట్టివేయబడినదే అనుసరించి వస్తూ ఉంటుంది. ఎండమావి అని తెలిసినవానికి కూడా నీరు కనిపిస్తుంది. వాడు బిందె పట్టుకొని వెళ్లడు, అంతే. నిఘంటువులలో ‘ఇల్యూజన్’ పక్కన ‘భ్రమ’ అని ఒక్క మాట రాసి ఊరుకునేవారు, ఎండమావిని చూస్తూ బిందె దించివేసిన ఈ మనిషికి ఏ పదం కేటాయిస్తారో చెప్పవలసి ఉంది.